చుక్క కనిపించదు, కూలెంట్ తగ్గుతుంది

గ్రేటర్ నోయిడా పరిసరాల్లో సొంతంగా కట్టుకున్న బండ్లు రెండు రకాలు. ఒకటి, యమునా ఎక్స్‌ప్రెస్‌వే పక్కనున్న బుద్ధ్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌కు లారీల మీద దిగేది. ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు నెలల తరబడి పైపులు కోసి, వెల్డింగ్ చేసి, బైకు ఇంజను బిగించి తయారుచేసుకున్న ఒంటి సీటు ఫార్ములా కారు. రెండోది, పశ్చిమ ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఏళ్ళ తరబడి తిరిగిన జుగాడ్. నీటి పంపు డీజిల్ ఇంజనును చెక్కబల్లలకూ పాత జీపు ఇరుసుకూ కలిపి బిగిస్తే అదే బండి.

ఈ రెండింటికీ నీళ్ళతో ఉన్న సంబంధం వేరు. జుగాడ్ ఇంజనుకు మూత లేని డ్రమ్ములోంచి నీళ్ళు తిరుగుతాయి. నీళ్ళు ఆవిరై పోవడమే దాని చల్లదనం. ఒక కిలో నీరు ఆవిరి కావడానికి దాదాపు 2,257 కిలోజౌళ్ళ వేడి తీసుకుంటుంది. మట్టం తగ్గితే డ్రైవరు బోరు దగ్గర ఆపి ఒక బకెట్ పోస్తాడు, మళ్ళీ బయల్దేరతాడు. అక్కడ కూలెంట్ తగ్గడం జబ్బు కాదు. మూత బిగించి, ఒత్తిడిలో ఉంచిన వ్యవస్థలోనే అది జబ్బవుతుంది. అందులోనూ వారానికి గ్లాసెడో అరగ్లాసో తగ్గుతూ, కింద చుక్క కనిపించకుండా, వేడి ముల్లు మామూలుగానే ఉంటూ వేధించే రకం ఉందే, దాన్ని పట్టుకోవడం కష్టం. భళ్ళున పగిలిన గొట్టాన్ని ఎవరైనా పట్టుకుంటారు.

బుద్ధ్ సర్క్యూట్ పేరు చెప్పగానే 2011 అక్టోబర్ 30 నాటి మొదటి ఇండియన్ గ్రాండ్ ప్రి గుర్తొస్తుంది. ఫార్ములా వన్ అక్కడ మూడేళ్ళే నిలిచింది. 2023 సెప్టెంబర్‌లో మోటోజీపీ వచ్చినప్పుడు వేడికి రైడర్లు తట్టుకోలేరని అసలు రేసును 24 ల్యాపుల నుంచి 21కి కుదించారు. మనుషులకే అలా ఉంటే రేడియేటర్ సంగతి చెప్పనక్కర్లేదు. పిల్లలు కట్టిన కార్లకు పెద్ద వేదిక సుప్రా ఎస్ఏఈ ఇండియా పోటీ. 2011లో చెన్నై దగ్గరి మద్రాస్ మోటార్ రేస్ ట్రాక్‌లో మొదలై, కొన్నేళ్ళకు బుద్ధ్ సర్క్యూట్‌కు మారింది. తెలుగు రాష్ట్రాల కాలేజీల జట్లూ ఇలాంటి పోటీలకు వెళ్తూనే ఉన్నాయి. దాని అన్నగారనదగ్గ, కచ్చా దారి బండ్ల బాహా పోటీలో చాలాకాలం గాలితో చల్లబడే బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ ఇంజనే వాడారు గనుక అక్కడి పిల్లలకు ఈ తలనొప్పి తెలియదు. ఫార్ములా కార్లలో ఎక్కువగా కనిపించే కేటీఎం 390 ఇంజను మాత్రం నీటితో చల్లబడేది. బైకులో దాని ముందే, రెండు జానల దూరంలో రేడియేటర్ ఉండేది. కారులోకి వచ్చేసరికి ఇంజను డ్రైవరు వెనక్కి, రేడియేటర్ పక్క డొప్పలోకి, మధ్యలో కొత్త గొట్టాలు.

ఇక్కడే సొంత బండికీ కంపెనీ బండికీ తేడా మొదలవుతుంది. షోరూం కారులో కూలెంట్ తగ్గితే ఆ మోడల్‌కు ఎక్కడ కారుతుందో ఏ విజయవాడ ఆటోనగర్ మెకానిక్కైనా చూడకముందే చెప్పగలడు. లక్షల కార్లు అతనికి ఆ పాఠం చెప్పేశాయి. సొంత బండికి అలాంటి పూర్వికులెవరూ లేరు. అందులోని పంపు మంచిదే, రేడియేటర్ మంచిదే, మూతా మంచిదే. వాటిని కలిపిన తీరు మాత్రం ప్రపంచంలో మొదటిసారి. అందుకే సొంత బండిలో దొంగను విడిభాగాల్లో వెతకడానికి ముందు అమరికలో వెతకాలి. ఈ సంగతి పట్టించుకోక ఎన్ని జట్లు మంచి హెడ్ గాస్కెట్లను అనవసరంగా విప్పాయో లెక్క లేదు.

మన దేశంలో సొంతంగా కారు కట్టడం కొత్త కాదు, దాంతో వచ్చే ఈ ఇబ్బందీ కొత్తది కాదు. కోయంబత్తూరులో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టిన జి.డి. నాయుడు 1952లో రెండు వేల రూపాయల ఖరీదులో రెండు సీట్ల పెట్రోలు కారుకు రూపమిచ్చారు. ప్రభుత్వ అనుమతి రాక అది ముందుకు సాగలేదు. అదే ఊరి ఎస్. కరివర్ధన్ 1980ల చివర్లో మారుతి 800 ఇంజనుతో ఫార్ములా మారుతి అనే ఒంటి సీటు రేసు కారు కట్టారు. నారాయణ్ కార్తికేయన్ రేసుల్లో ఓనమాలు దిద్దింది ఆ కార్లలోనే. తర్వాత 2011లో గ్రేటర్ నోయిడాలో ఫార్ములా వన్ గ్రిడ్ మీద నిలబడ్డాడు. చిన్న కుటుంబపు కారు ముందు భాగంలో అడ్డంగా కూర్చోవడానికి గీసిన ఇంజనును తెచ్చి రేసు కారులో పెట్టినవాళ్ళందరూ నీటి దారిని మళ్ళీ మొదటినుంచీ గీసుకోవలసినవాళ్ళే.

అసలు ప్రశ్నకు వద్దాం. కూలెంట్ తగ్గిందంటే నాలుగింటిలో ఒకటి జరిగి ఉండాలి. లోపల ఇరుక్కున్న గాలి బయటికి వచ్చి ఆ ఖాళీలోకి నీరు దిగి ఉండాలి. లేదా మూత దాన్ని బయటికి నెట్టి ఉండాలి. లేదా బయటికి కారి ఉండాలి. లేదా ఇంజను లోపలికి పోయి ఉండాలి. మొదటి రెండూ లీకులే కావు. సొంత బండ్లలో ఎక్కువసార్లు బయటపడేవి ఆ రెండే, ఎక్కువమంది చివరికి గానీ చూడనివీ అవే.

మూత దగ్గర కొంచెం ఆగాలి. నీరు 20 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు వెళ్తే ఘనపరిమాణం 4 శాతం పైచిలుకు పెరుగుతుంది. మూడు లీటర్లు పట్టే వ్యవస్థలో అది 120 మి.లీ. పైమాటే, అంటే ఒక టీ గ్లాసు. గ్లైకాల్ కలిపితే ఇంకాస్త ఎక్కువ. ఆ టీ గ్లాసు ఎక్కడికో ఒకచోటికి పోవాలి. కంపెనీ కారులో మూతలోని పెద్ద కవాటం తెరుచుకుని దాన్ని పక్క సీసాలోకి పంపుతుంది. ఇంజను చల్లారినప్పుడు మూత మధ్యలో ఉన్న చిన్న కవాటం ఆ నీటినే వెనక్కి పీల్చుకుంటుంది. పీల్చుకోవాలంటే గొట్టం చివర ఎప్పుడూ నీటిలో మునిగి ఉండాలి. ఆ సీసాను రికవరీ బాటిల్ అంటారు. ఫార్ములా పోటీల నియమావళి అడిగేది క్యాచ్ క్యాన్. పొంగిన నీరు ట్రాక్ మీద పడకుండా పట్టే డబ్బా. వ్యవస్థలో ఉన్న ద్రవంలో పదో వంతు గానీ 0.9 లీటరు గానీ, ఏది ఎక్కువైతే అంత పట్టాలి, మరుగుతున్న నీటికి వంకర పోకూడదు. ఆ డబ్బాలోకి గొట్టం పైనుంచి వచ్చి గాలిలో వేలాడుతుంటే, పోయిన నీరు తిరిగి రాదు. చల్లారేటప్పుడు మూత గాలి పీలుస్తుంది.

ఇక కథ ఇలా నడుస్తుంది. పొద్దున కారును అంచుదాకా నింపుతారు. రెండు రౌండ్లు తిప్పితే 120 మి.లీ. డబ్బాలోకి పోతుంది. చల్లారాక మూత తీసి చూసిన కుర్రాడు 'తగ్గింది' అని మళ్ళీ అంచుదాకా నింపుతాడు. మళ్ళీ తిప్పితే మళ్ళీ అంతే. వారం రోజుల్లో లీటరు పోసినట్టవుతుంది, జట్టు వాట్సాప్‌లో హెడ్ గాస్కెట్ అనే మాట మొదలవుతుంది. నిజానికి ఒకసారి పోయాక ఆ ఖాళీని అలాగే వదిలేస్తే మట్టం అక్కడే స్థిరపడేది. పైన మిగిలిన గాలి, వ్యాకోచానికి చోటిచ్చేది. కాబట్టి చేయవలసిన మొట్టమొదటి పరీక్షకు ఏ పనిముట్టూ అక్కర్లేదు: నింపడం మానేయాలి. చల్లగా ఉన్నప్పుడు మట్టం దగ్గర గీత పెట్టి, నీరు ఇంజను పై భాగాన్ని కప్పి ఉన్నంత వరకు, నాలుగైదు సార్లు వేడెక్కించి చల్లార్చి చూడాలి. గీత దగ్గర నిలబడిపోతే అది లీకు కాదు.

మూత ఎంపిక కూడా చిన్న విషయం కాదు. మూత మీద 0.9, 1.1 అని వేసే అంకె అది ఎంత ఒత్తిడి దాకా పట్టి ఉంచుతుందో చెబుతుంది. 1.1 బార్ మూత సరిగా పనిచేస్తే మామూలు నీరు సుమారు 121 డిగ్రీల దాకా మరగదు. మూత పాడైతే 100 డిగ్రీలకే మరుగుతుంది. దిల్లీ కశ్మీరీ గేట్ బజారులో కొన్న మూత రేడియేటర్ నోటికి బిగుసుకున్నంత మాత్రాన లోపలి రబ్బరు అడుగు గట్టును నొక్కుతోందని అర్థం కాదు. మెడ లోతులో తేడాలుంటాయి. లోతైన మెడకు పొట్టి మూత పెడితే బిగుతుగానే తిరుగుతుంది, ఒత్తిడి మాత్రం నిలవదు. కొందరు రేడియేటర్ మీద ఒకటి, ఇంజను మీది నింపే మెడకు ఒకటి, రెండు మూతలు పెడతారు. అప్పుడు రెండింటిలో బలహీనమైనదే రాజ్యం చేస్తుంది.

మూత ఎక్కడుందన్నది ఇంకా ముఖ్యం. పంపు నెట్టే వైపు, అంటే వేడి నీరు రేడియేటర్‌లోకి దూకే వైపు మూత పెడితే, ఇంజను వేగం పెరిగినప్పుడు పంపు ఒత్తిడి కూడా దానిమీద పడుతుంది. నీరు మరగకపోయినా మూత తెరుచుకుని ఉమ్మేస్తుంది. అడ్డంగా ప్రవహించే రేడియేటర్లలో మూతను పంపు పీల్చే వైపు, చల్లటి ట్యాంకు మీద పెట్టమనడం అందుకే. ఐడిల్‌లో గంటసేపు నిలబెట్టినా చుక్క పోని కారు ట్రాక్ మీద పది నిమిషాల్లో డబ్బా నింపిందంటే ఈ అనుమానం ముందు రావాలి.

రెండో నిర్దోషి గాలి. నీటి దారిలో ఎక్కడైనా మెట్టలా పైకి లేచిన మలుపు ఉంటే గాలి అక్కడ కూర్చుంటుంది. ఇంగ్లండులో రాన్ ఛాంపియన్ 1996లో తెచ్చిన పుస్తకం చూసి వేలమంది తమ షెడ్లలో లోకాస్ట్ అనే చిన్న స్పోర్ట్స్ కారు కట్టుకున్నారు. దాని ముక్కు ఎంత కిందికి ఉంటుందంటే రేడియేటర్ పైభాగం సిలిండర్ హెడ్ కన్నా కిందికి వస్తుంది. రేడియేటర్ మూత దగ్గర అంచుదాకా పోసినా హెడ్‌లో గాలే. మన ఫార్ములా కార్లలో పక్క డొప్పలోని రేడియేటర్‌కూ ఇదే గతి. మెకానిక్కులు 'ఎయిర్ పట్టింది' అనేది దీన్నే. ఆ గాలి నాలుగైదు రోజులపాటు బుడగలు బుడగలుగా బయటికి వస్తుంటే మట్టం దిగుతూనే ఉంటుంది, లీకులాగే కనిపిస్తుంది. అంతకన్నా ప్రమాదం, వేడి కొలిచే సెన్సర్ ఆ గాలి బుడగలో ఉండిపోవడం. నీరు తగలని సెన్సర్ చల్లగా ఉందనే చెబుతుంది, హెడ్ అవతల కాలిపోతుంటుంది. దీనికి మందు కూడా అమరికలోనే ఉంది: మొత్తం దారిలో అన్నిటికన్నా ఎత్తున ఒక చిన్న ట్యాంకు, దాంట్లోంచి నింపే మూత, హెడ్ పైనుంచీ రేడియేటర్ పైనుంచీ దానికి సన్నటి గాలి గొట్టాలు. అది కుదరకపోతే, నింపేటప్పుడు మూత ఉన్న కొసను జాకీతో పైకి లేపాలి.

ఈ రెంటినీ దాటాక కూడా మట్టం తగ్గుతుంటే అప్పుడు జమాఖర్చు రాయాలి. కిరాణా కొట్టు లెక్కలాంటిదే. పోసినది ఎంత, డబ్బాలోకి వచ్చినది ఎంత, మాయమైనది ఎంత. కంటితో చూసి 'కాస్త తగ్గింది' అనడం పనికిరాదు. వంటింటి డిజిటల్ తూనిక చాలు. నీరైతే ఒక గ్రాము ఒక మి.లీ. డబ్బాను పరుగుకు ముందు, తర్వాత తూచాలి. పోసిన 300లో 280 డబ్బాలోనే దొరికితే లీకు కోసం గొట్టాలు తడమడం వృథా. మూత, అమరిక, లేదా లోపలి నుంచి వస్తున్న మంట వాయువు, ఈ మూడే మిగులుతాయి. డబ్బా ఖాళీగా ఉండి 300 మాయమైతే అది బయటికైనా కారాలి, సిలిండర్‌లోకో ఆయిల్‌లోకో అయినా పోవాలి.

గ్లైకాల్ కలిపిన కూలెంట్ వాడే సొంత కార్లకు ఇంకో మంచి సాక్షి ఉంది: రిఫ్రాక్టోమీటర్. ఒక చుక్క వేసి కంటికి ఆనించి చూస్తే గ్లైకాల్ ఎంత శాతమో చెప్పే చిన్న గొట్టం. ద్రవంగా కారితే నీటితోపాటు గ్లైకాల్ కూడా పోతుంది. ఆవిరిగా పోతే నీరే పోతుంది, గ్లైకాల్ లోపలే ఉంటుంది. ఆరు లీటర్ల వ్యవస్థలో సగం గ్లైకాల్ ఉండగా లీటరు కారిపోయి, ఆ లీటరు మామూలు నీటితో నింపితే 50 శాతం కాస్తా 42 దగ్గరికి పడుతుంది. ఎంత నీరు పోసినా 50 దగ్గరే నిలిచి ఉంటే పోతున్నది ఆవిరి. అంటే మూత సరిగా పట్టడం లేదు, లేకపోతే గొట్టాలు. ఈ సాక్ష్యాన్ని వాడేవాళ్ళు ఎందుకో చాలా తక్కువ.

గొట్టాలా అని ఆశ్చర్యపోనక్కర్లేదు. నీలం, ఎరుపు రంగుల్లో మెరిసే సిలికోన్ గొట్టాలంటే కుర్ర జట్లకు మోజు. వేడికి తట్టుకుంటాయి, చూడ్డానికి బాగుంటాయి. కానీ కంపెనీ కార్లలో వాడే ఈపీడీఎం రబ్బరు కన్నా సిలికోన్ నీటి ఆవిరిని ఎక్కువగా తనలోంచి బయటికి వదులుతుంది. పొడుగు గొట్టాలున్న కారులో నెలల మీద ఇది లెక్కకు వస్తుంది. అంతకన్నా తరచు వచ్చే గొడవ క్లిప్పులది. స్క్రూతో బిగించే మామూలు క్లిప్పు పళ్ళ సందుల్లోకి మెత్తటి సిలికోన్ పొడుచుకు వచ్చి తెగుతుంది. వేడిలో గొట్టం ఉబ్బి బిగుసుకుంటుంది, చల్లారితే సడలుతుంది. ఫలితం, వేడిగా ఉన్నప్పుడు ఎండిపోయి ఉండి, తెల్లవారుజామున మాత్రం చెమరించే లీకు. గ్రేటర్ నోయిడాలో మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీలు తాకి, జనవరి తెల్లవారుజామున నాలుగైదుకు దిగే వాతావరణంలో ఇది బాగా బయటపడుతుంది. స్ప్రింగుతో బిగువు నిలిపే క్లిప్పులు, లేదా లోపల నునుపు పట్టీ ఉన్నవి వాడాలి. అల్యూమినియం పైపును కోసి నేరుగా గొట్టంలో దూర్చేసే అలవాటు ఇంకొకటి. పైపు చివర గట్టు లేకపోతే ఏ క్లిప్పూ ఎక్కువకాలం పట్టదు.

బయటికి కారేది కనిపించకపోవడానికి కారణం సులువు. వేడి ఇంజను మీద పడ్డ చుక్క నేలను చేరేలోపే ఆరిపోతుంది. రంగు కూలెంట్ అయితే ఆకుపచ్చ, ఎరుపు, తెలుపు మరకగా పేరుకుంటుంది. ఫార్ములా కార్లలో ఆ సాయం కూడా లేదు. ట్రాక్ మీద జారుడు కాకుండా ఫార్ములా పోటీల నియమావళి అక్కడ మామూలు నీరు తప్ప ఏమీ పోయనివ్వదు. గ్లైకాల్ నిషేధం, పంపుకు నునుపునిచ్చే మందులూ నిషేధం. డిస్టిల్డ్ వాటర్ ఆరిపోతే గుర్తు కూడా మిగలదు. ఇలాంటిచోట అనుమానమున్న అతుకుల చుట్టూ టిష్యూ కాగితం చుట్టి చూడటం, ఖరీదైన పరికరాల కన్నా బాగా పనిచేస్తుంది.

వాటర్ పంపు కింద ఉండే చిన్న రంధ్రాన్ని చాలామంది తయారీ లోపమనుకుని ఎం-సీల్ పెట్టి మూసేస్తారు. అది కావాలని పెట్టినది. పంపు ఇరుసు మీద నీటివైపు ఒక సీలు, ఆయిల్ వైపు ఒక సీలు ఉంటాయి, రెంటి మధ్యనుంచి బయటికి దారి ఆ రంధ్రం. నీరు కారితే నీటి సీలు పోయింది, ఆయిల్ కారితే ఆయిల్ సీలు పోయింది. దాన్ని మూస్తే నీరు ఇరుసు వెంట ఆయిల్‌లోకే పోతుంది. ఉచితంగా ఉన్న ఫిర్యాదుల పెట్టెకు తాళం వేసినట్టే.

వెల్డింగ్ రంధ్రాలు, రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు అంచులు లాంటివి ప్రెషర్ టెస్టర్‌తో దొరుకుతాయి. మూత స్థానంలో చేతి పంపు బిగించి, మూత మీది అంకె దాకా గాలి కొట్టి, పావుగంట వదిలేయాలి. ముల్లు పడితే లీకుంది. ఒకసారి చల్లగా, ఒకసారి వేడిగా చేయాలి. కొన్ని పగుళ్ళు వేడికే తెరుచుకుంటాయి. సైకిలు పంపుతో ఇంట్లోనే చేసుకునేవాళ్ళు మీటరు లేకుండా చేయకూడదు. మూత అంకెను మించితే లేని లీకు పుడుతుంది.

సొంత బండ్లకు ప్రత్యేకమైన ఇంకో జబ్బు, విద్యుత్తు. పెయింటు వేసిన ఛాసిస్ మీదే ఎర్త్ వైరు బిగిస్తే కరెంటు తిరిగి వెళ్ళడానికి దారి వెతుక్కుంటుంది. కూలెంట్‌లోంచి, అల్యూమినియం రేడియేటర్‌లోంచి వెళ్తే లోహం తినేసి సూదిమొన రంధ్రాలు పడతాయి. కొత్త రేడియేటర్ పెట్టినా కొన్ని నెలల్లో మళ్ళీ అంతే. వోల్ట్ మీటరు ఒక తీగ బ్యాటరీ నెగటివ్‌కు, రెండోది నీటిలో ముంచి, ఫ్యాను, పంపు, లైట్లు ఒక్కొక్కటే వేస్తూ చూడాలి. ఏదో ఒకటి వేయగానే అంకె 0.3 వోల్టు దాటితే ఆ పరికరం ఎర్తు సరిచేయాలి.

ఇంజను లోపలి లీకు సంగతి చివర. చివర చూడాలనే చివర. దీని లక్షణం అర్థం కావాలంటే ఒక విషయం చాలు. మంట సమయంలో సిలిండర్‌లో ఒత్తిడి పదుల బార్లలో ఉంటుంది, నీటి దారిలో ఒకటీ ఒకటిన్నర. కాబట్టి గాస్కెట్ సన్నగా పగిలితే, ఇంజను నడుస్తున్నప్పుడు వాయువు నీటిలోకి వస్తుంది. ఆపాక సిలిండర్ ఒత్తిడి పోతుంది, వేడి నీటి దారిలో ఒత్తిడి మిగులుతుంది, నీరు సిలిండర్‌లోకి జారుతుంది. అందుకే మర్నాడు పొద్దున స్టార్టు చేయగానే ఒక్క దమ్ము తెల్లపొగ వచ్చి మాయమవుతుంది. చల్లటి ఇంజను స్టార్టు చేసిన నిమిషంలోపే, నీరు వేడెక్కకముందే పై గొట్టం రాయిలా గట్టిపడితే అది వాయువు పనే. ఒక ప్లగ్గు మాత్రం కడిగినట్టు తెల్లగా మెరుస్తుంటే దొంగ ఆ సిలిండర్‌లో ఉన్నాడు.

దీనికి రుజువు నీలిరంగు ద్రవంతో చేసే బ్లాక్ టెస్ట్. రేడియేటర్ నోటి దగ్గరి గాలిని ఆ ద్రవంలోంచి పీలిస్తే, కార్బన్ డయాక్సైడ్ ఉంటే పెట్రోలు ఇంజన్లలో అది పసుపు రంగుకు మారుతుంది. ద్రవం పాతబడిందేమోనని అనుమానముంటే నోటితో అందులోకి ఊది చూడొచ్చు, మన ఊపిరికీ మారాలి. ఈ పరీక్షకు ఒక లోపముంది: బరువు మీద మాత్రమే తెరుచుకునే పగుళ్ళను ఐడిల్‌లో పట్టలేదు. అప్పుడు సిలిండర్‌లోకి బయటినుంచి గాలి నింపి, రేడియేటర్‌లో బుడగలు వస్తాయేమో చూసే లీక్‌డౌన్ పరీక్ష మేలు.

దిల్లీ చలికాలం ఇక్కడ ఒక తప్పుడు సాక్ష్యం సృష్టిస్తుంది. డిసెంబర్, జనవరి మంచులో ఇంజను పూర్తిగా వేడెక్కకుండా ఐదేసి నిమిషాలు నడిపి ఆపేస్తుంటే, ఆయిల్ మూత లోపల మీగడలాంటి తెల్లటి పదార్థం పేరుకుంటుంది. చూడగానే 'ఆయిల్‌లో నీళ్ళు కలిశాయి, హెడ్ దించాల్సిందే' అంటారు. అది గాలిలోని తేమ కావచ్చు. డిప్‌స్టిక్ మీది ఆయిల్ శుభ్రంగా ఉండి మూత దగ్గరే మీగడ ఉంటే, అరగంట బాగా వేడెక్కించి నడిపి మళ్ళీ చూడాలి. సొంతంగా కట్టిన కార్లకు ఈ పొట్టి పరుగులు తప్పవు కూడా. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ నిర్దేశాలకు విరుద్ధమైన మార్పుల్ని ఒప్పుకోదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ మాట గట్టిగానే చెప్పింది. జుగాడ్‌లు కూడా చట్టానికి లోబడాల్సిందేనని 2013లోనే తీర్పిచ్చింది. రోడ్డెక్కలేని బండి కాలేజీ ఆవరణలో రెండు చుట్లు తిరిగి ఆగుతుంది, చల్లారుతుంది, మళ్ళీ తిరుగుతుంది. చల్లారినప్పుడల్లా అంచుదాకా నింపుతుంటే, వేడెక్కే ప్రతిసారీ మూత ఒక గుక్క ఉమ్ముతుంది.

పోటీలో అసలు పరీక్ష సుమారు 22 కిలోమీటర్ల ఎండ్యూరెన్స్ పరుగు. మధ్యలో డ్రైవరు మారాలి, ఇంజను ఆపాలి. ఇంజనుతోనే తిరిగే పంపు కూడా ఆగుతుంది. లోహంలో దాగిన వేడంతా కదలని నీటిలోకి దిగి, హెడ్ దగ్గర మరిగి, మూత తెరుచుకుంటుంది. ఆ కొద్ది నిమిషాల్లో పోయిన నీటికి రెండో డ్రైవరు మూల్యం చెల్లిస్తాడు. ద్రవం కారుతున్న కారును అధికారులు ట్రాక్ మీద ఉండనివ్వరు. కారును 60 డిగ్రీల దాకా పక్కకు వంచే టిల్ట్ పరీక్ష గెలిచిన కారు కూడా ఇక్కడ పోవచ్చు. వంచడంలో తెలిసేది చల్లటి నీటి సంగతే. కాబట్టి ఇంటి దగ్గర సాధనలో వేడి ఇంజనును ఆపి, మూడు నిమిషాలు ఉంచి, మళ్ళీ స్టార్టు చేసి డబ్బాను తూచని జట్టు కూలింగ్‌ను పరీక్షించినట్టు కాదు.

ఇక నాటు వైద్యం. రేడియేటర్ కారితే గుప్పెడు పసుపు పోయడం మన లారీ డ్రైవర్లందరికీ తెలిసిన చిట్కా. ఉబ్బిన పొడి సన్నటి పగుల్లో ఇరుక్కుని కాసేపు ఆపుతుంది, నిజమే. నడిరోడ్డు మీద అర్ధరాత్రి అది దేవుడే. కానీ సందులు సన్నగా ఉండే ఈనాటి అల్యూమినియం రేడియేటర్‌లో అదే పసుపు మంచి దారుల్నీ మూసేస్తుంది. సీసాల్లో అమ్మే స్టాప్ లీక్ మందులకీ అదే న్యాయం. కారణం తెలియని లీకులో వాటిని పోయడమంటే సాక్ష్యాన్ని చెరిపేయడం. నీటి విషయంలోనూ అజాగ్రత్తే ఎక్కువ. ఈ ప్రాంతపు బోరు నీళ్ళలో లవణాలెక్కువ. అవి రేడియేటర్‌లో సున్నంలా పేరుకుంటాయి, మూత రబ్బరు కింద గట్టిపడి దాన్ని సరిగా కూర్చోనివ్వవు. పెట్రోలు బంకుల్లో 'బ్యాటరీ వాటర్' పేరుతో అమ్మే లవణాలు తీసిన నీరు చవక, అదే వాడాలి. పోటీ లేని రోజుల్లో, రోడ్డుకెక్కని సొంత కారైనా సరే, మామూలు నీరు నెలల తరబడి ఉంచకూడదు. గ్లైకాల్ కూలెంట్ మనకు గడ్డకట్టకుండా కన్నా, అందులో కలిపిన మందులతో తుప్పు పట్టకుండానే ఎక్కువ అవసరం. ఆ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. దించిన కూలెంట్‌ను షెడ్డు వెనక పారబోస్తే కుక్కలు, పశువులు నాకి చచ్చిపోతాయి. మూతపెట్టిన డబ్బాలో పట్టి ఉంచాలి. వేడి ఇంజను మూత తీయకూడదన్నది అందరికీ తెలిసిన మాటే, ఏటా చేతులు కాలేదీ ఆ మాట తెలిసినవాళ్ళకే.

కాలేజీ జట్లలో ఇంకో నష్టం జరుగుతోంది. కారు కట్టిన సీనియర్లు పట్టా పుచ్చుకుని వెళ్ళిపోతారు, తర్వాతి ఏడాది పిల్లలు అదే మూత, అదే గొట్టం, అదే అనుమానంతో మళ్ళీ మొదలుపెడతారు. ఈ ఏడాది కారు కడుతున్నవాళ్ళు ఒక పని చేయండి. పూర్తిగా ఖాళీగా ఉన్నప్పుడు ఎన్ని మి.లీ. పట్టింది, నింపడం ఆపాక చల్లటి మట్టం ఎక్కడ నిలిచింది, మూత ఎన్ని బార్లది, దాని మెడ లోతెంత, ఆపి మూడు నిమిషాలు ఉంచితే డబ్బాలోకి ఎంత వచ్చింది, ఈ అంకెలు తేదీతో సహా ఛాసిస్ మీద చెరగని పెయింటుతో రాయండి. హెడ్ దించాలన్న మాట ఎవరైనా ఎత్తితే ముందు ఆ అంకెలు మళ్ళీ కొలిచి చూపించమనండి.